నిమిషానికి నలభై ఐదు చుట్లు

నర్సాపురంలో నా షాపు గడప ఎక్కిన కొత్తవాళ్లు మొదట అడిగేది ఒకటే మాట. "మేస్త్రి గారు లేరాండీ?"

నేనే మేస్త్రినని చెబుతాను. కొందరు నవ్వేసి మోటారు బల్ల మీద పెడతారు. కొందరు మాత్రం దాన్ని చంకలోంచి దించకుండా, లోపల ఇంకెవరైనా మగమనిషి ఉన్నాడేమోనని నా భుజం మీదుగా చూస్తారు. వాళ్లను నేను తొందరపెట్టను. చెరువులో గాలి ఆడించే మోటారు కాలిపోతే రొయ్య ఒక్క పూట కూడా ఆగదు. ఇంకో రెండు షాపులు తిరిగి, రేపంటే రేపని అనిపించుకుని, మళ్లీ నా దగ్గరికే వస్తారు.

ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మా పుట్టిల్లు మొగల్తూరుకు అవతల, సముద్రం ఒడ్డున. నాన్న వేటకు వెళ్లేవారు, అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. పదేళ్లకే నాకు వల అల్లడం వచ్చు. అన్నయ్య సముద్రం వద్దనుకుని నర్సాపురం వచ్చి మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ షాపు పెట్టాడు. చూపు మందగించి సన్న తీగ కనబడనప్పుడు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టాడు. వల కళ్ల లెక్క తప్పని చేతికి తీగ చుట్ల లెక్క ఏమంత కష్టం? రెండేళ్లు తిరిగేసరికి, తాను చుట్టిన మోటారు కంటే నేను చుట్టింది చల్లగా తిరుగుతోందని అన్నయ్యే అన్నాడు. ఆ తరువాత కుర్చీ నాకు వదిలేశాడు.

నాకు పని వచ్చునని చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. వచ్చు కాబట్టే, ఈ సంగతిలో నేను చేసిన పొరపాటు కూడా దాచకుండా చెబుతాను.

కిందటేడు వానలు వెనకబట్టాక ఒక ఉదయం షాపు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఎనభైకి దగ్గరపడ్డ ఒక పెద్దావిడ దిగారు. నేత చీర, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. ఒళ్లో పాత దుప్పటి చుట్టిన పెట్టె. ఆటో అతను అందుకోబోతే ఇవ్వకుండా ఆవిడే మోసుకొచ్చారు. సఖినేటిపల్లి వైపు ఊరట. పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చారు. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు కాబట్టి ఊళ్లో అందరికీ టీచరమ్మగారే. నేనూ అలాగే పిలిచాను.

దుప్పటి విప్పితే రికార్డు ప్లేయరు. అడుగున చెక్క పెట్టె, పైన రబ్బరు పరిచిన పళ్లెం, పక్కన ముల్లు బిగించిన చెయ్యి. దీనికి సొంతంగా స్పీకరు లేదు. వెనక తీగను రేడియోకి తగిలిస్తే రేడియోలోంచి పాట వచ్చేదట.

"ఇద్దరు మెకానిక్కులకి చూపించానమ్మా," అన్నారు టీచరమ్మగారు. "ఒకాయన మూత కూడా తీయలేదు. పాత ఇనపసామాన్లకి వేసేయండి అన్నాడు."

"ఏం జబ్బండి దీనికి?"

"పళ్లెం తిరగదు. స్విచ్చేస్తే గుయ్ మంటుంది, కాలిన వాసనొస్తుంది."

"అయితే మోటారేనండి. మోటారు ఏ పెట్టెలో ఉన్నా మోటారే. పెట్టి వెళ్లండి."

ఆవిడ వెళ్లలేదు. స్టూలు మీద కూర్చుని దాని చరిత్ర చెప్పారు. వాళ్ల ఊరి దగ్గర మిషన్ ఆసుపత్రిలో ఒకప్పుడు అమెరికా డాక్టరమ్మ ఉండేవారట. ఆవిడ తెచ్చుకున్నదే ఈ ప్లేయరు. దేశం వదిలి వెళ్లేటప్పుడు, గుడిలో, అంటే వాళ్ల చర్చిలో, పాటల బృందానికి నేర్పే మాస్టారికి ఇచ్చేశారు. మాస్టారు పోయాక అది వాళ్ల అమ్మాయి దగ్గర ఉండిపోయింది. వోల్టు తగ్గించే డబ్బా ఒకటి దీనితోపాటు ఉండేది. అది ఎక్కడో పోయింది. ఆ సంగతి తెలియని చుట్టం ఎవరో నేరుగా గోడ ప్లగ్గులో పెట్టారు. పొగ వచ్చింది. అప్పటినుంచి అటక మీదే ఉంది. మొన్న ఇంటికి వెల్ల వేయిస్తూ దించి, పారేయబోతుంటే టీచరమ్మగారు అడిగి తెచ్చుకున్నారు.

"ఒక్క రికార్డు వినాలమ్మా. ఒక్కసారి వింటే చాలు," అన్నారు.

"ఏం రికార్డండి?"

"మా గుడి వాళ్లం పాడిందే. అరవై ఏళ్ల కిందట మద్రాసు వెళ్లి పాడొచ్చాం." ఇంకేదో చెప్పబోయి ఆగి, "స్విచ్చి దగ్గర జాగ్రత్త, షాకు కొట్టేది. మేమంతా స్కేలు బద్దతో నొక్కేవాళ్లం," అన్నారు.

మధ్యాహ్నం పెట్టె తిరగేసి మరలు విప్పాను. లోపల తీగలు చూసి ఆ మెకానిక్కుల మీద కొంచెం జాలి కలిగింది. గుడ్డ తొడుగు తీగలు, వాటి లోపలి రబ్బరు పాత జంతికలా పొడైపోయింది. వేలు తగిలిస్తే రాలుతోంది. రెండు చోట్ల రాగి బయటపడి ఇనప పలకను ఆనుకుని ఉంది. షాకు అక్కడినుంచే. అన్నేళ్లూ స్కేలు బద్దతో బతికిపోయారన్నమాట.

తీగలన్నీ కత్తిరించి పారేశాను. ఏ రంగు ఎక్కడికి పోతుందో ముందే కాగితం మీద గీసుకున్నాను. కొత్త తీగ లాగి, ప్రతి అతుకు మీదా స్లీవు తొడిగి, ఇనప పలకకు ఎర్తు తీగ కట్టి, మూడు పుల్లల ప్లగ్గు పెట్టాను. పాట మోసే రెండు సన్న తీగలు బోలుగా ఉన్న చెయ్యిలోంచి వస్తాయి. వాటికి కరెంటు తీగలతో పొత్తు కుదరదు, పక్కపక్కనే పోతే గుర్రుమంటాయి. వాటిని అవతలి అంచున నడిపించాను. ముల్లు ఉండే ముక్కు లోపల తేమ పట్టి చచ్చిపోయింది. ఆన్‌లైన్లో వెతికితే అలాంటిదే దొరికింది. నాలుగు రోజుల్లో ఇంటికొచ్చింది.

ఇక మోటారు. పిడికిలంత కూడా లేదు. కాయిలు బొగ్గయింది. పాత తీగను ఊడదీస్తూ చుట్లు లెక్కపెట్టాను. అతుక్కుపోయిన చోట తీగ తెగిపోయేది, అప్పుడు పొరల్ని కొలిచి లెక్క కట్టాను. మోటారు మీద చిన్న రేకు ఉంది. మసి తుడిస్తే 117 వోల్టులు అని కనిపించింది. అది నాకు కావలసిన అంకె. డబ్బా అక్కరలేకుండా మన 230కే చుట్టేద్దామనుకున్నాను. వోల్టు రెట్టింపు, చుట్లు రెట్టింపు, తీగ అంతకు తగ్గ సన్నం. వెంట్రుక లాంటి తీగ. ఊపిరి గట్టిగా వదిలినా తెగేటట్టు ఉంటుంది. రెండు పూటలు షట్టరు సగం దించుకుని చుట్టాను. వార్నిష్ పట్టించి, బల్బు వేడికి ఆరబెట్టి, ఇరుసుకు బొట్టు నూనె వేసి బిగించాను.

స్విచ్చి వేస్తే పళ్లెం తిరిగింది. చప్పుడు లేదు. పలక మీద చెయ్యి పెట్టాను, షాకు లేదు. నాకు నేనే శభాష్ అనుకుని టీ తెప్పించుకున్నాను.

టీచరమ్మగారు రికార్డును కూడా నా దగ్గరే ఉంచారు. చిన్నది, అరచేయి చాపినంత. నడిమి చీటీ మీద 45 అని ఉంది. అంటే నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాలి. పళ్లెం అంచుకు కాగితం ముక్క అంటించి, ఫోనులో నిమిషం పెట్టుకుని లెక్కపెట్టాను. ముప్పై ఏడున్నర వచ్చింది.

మళ్లీ లెక్కపెట్టాను. అంతే వచ్చింది.

మోటారు ఇరుసు పళ్లాన్ని నేరుగా తిప్పదు. ఇరుసు ఒక రబ్బరు చక్రాన్ని ఆనుకుంటుంది, ఆ చక్రం పళ్లెం లోపలి అంచును ఆనుకుని తిప్పుతుంది. చక్రం జారుతోందనుకున్నాను. స్పిరిట్‌తో కడిగి గరుకు చేశాను. ముప్పై ఏడున్నర. పళ్లెం కింద గడ్డకట్టిన గ్రీజంతా గోకి కొత్తది పెట్టాను. ముప్పై ఏడున్నర. జారే చక్రమైతే ఒకసారి ముప్పై ఆరు, ఒకసారి నలభై చూపాలి. ఇది గడియారంలా ప్రతిసారీ ఒకే తప్పు చేస్తోంది. పైగా గంట తిరిగేసరికి కాయిలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. నేను చుట్టిన మోటారు వేడెక్కడమేమిటి?

రెండు రోజులు దాన్ని పక్కన పెట్టి చెరువుల మోటార్లు చూసుకున్నాను. బుర్ర మాత్రం దాని దగ్గరే ఉంది. మూడో రోజు థిన్నరులో గుడ్డ ముంచి ఆ రేకును పూర్తిగా తుడిచాను. 117 వోల్టుల పక్కన, మసి కింద ఇంకో అంకె బయటపడింది. 60.

చదవకపోవడం నా తప్పే. మన దగ్గర ఏ మోటారు మీద చూసినా అక్కడ 50 ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా అన్ని మోటార్ల మీదా అదే చూసి చూసి, ఆ చోట చూడటమే మానేశాను.

మన కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. అమెరికాలో అరవైసార్లు. ఈ రకం మోటారు ఆ ఊపును బట్టే తిరుగుతుంది. వోల్టు తగ్గించే డబ్బా వోల్టును తగ్గిస్తుందేగాని ఊపును మార్చదు. అరవైకి యాభై ఎంతో, నలభై ఐదుకు ముప్పై ఏడున్నర సరిగ్గా అంతే. కాయిలు వేడి కూడా అందుకే. ఊపు తగ్గినప్పుడు చుట్లు ఇంకాస్త పెంచాలి, నేను పెంచలేదు.

బల్ల ముందు నిలబడి ఆ లెక్క కాగితం మీద వేసుకున్నాక ఇంకో సంగతి తట్టింది. ఇది నా చేతిలో పాడైన వేగం కాదు. ఓడ దిగి ఈ దేశంలో మొదటిసారి ప్లగ్గులో పెట్టిన రోజు నుంచీ ఈ ప్లేయరు ఇంతే నిదానంగా తిరిగి ఉండాలి. దీని మీద విన్న ఏ పాటనూ ఎవరూ పాడినట్టుగా వినలేదు. నిదానంగా తిరిగితే పాట సాగుతుంది. గొంతు కూడా కిందికి దిగిపోతుంది. ఆడపిల్ల పాడితే పెద్ద ముత్తయిదువ పాడినట్టుంటుంది.

టీచరమ్మగారికి ఫోను చేశాను.

"టీచరమ్మగారూ, ఒక మాట అడగొచ్చాండీ? ఈ రికార్డులో ఎవరు పాడారు?"

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది.

"ఎందుకడిగావమ్మా?"

మోటారు సంగతి చెప్పాను. స్కూలు టీచరు కదా, ఊపు లెక్క ఆవిడకు ఒక్కసారి చెబితే సరిపోయింది. నేను వివరించడం అయ్యాక ఆవిడ మెల్లిగా చెప్పడం మొదలుపెట్టారు.

ఆ పాట కట్టింది వాళ్ల పాటల మాస్టారే. పదకొండు మంది రైలెక్కి మద్రాసు వెళ్లారు. టీచరమ్మగారికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. పాట నడుమ ఒక చరణం ఒక్కరే పాడాలి. ఆ చరణం మాస్టారి భార్య పాడేది. ఆవిడది నిండైన బరువు గొంతు, గుడి మొత్తం నిండేది. అయితే ఆ రోజు రైలు ప్రయాణానికి ఆవిడ గొంతు కొంచెం బొంగురుపోయింది. అక్కడ యంత్రం దగ్గరున్న ఆయన ఆవిడ చేత ఒకసారి పాడించి, ఎందుకైనా మంచిదని ఈ పిల్ల చేత కూడా ఒకసారి పాడించారు. రెంటిలో బాగున్నది ఉంచుతామన్నారు. ఏది ఉంచారో ఎవరూ చెప్పలేదు. చీటీ మీద పేర్లు లేవు.

"రికార్డు వచ్చిన రోజు డాక్టరమ్మగారి బంగళా వరండాలో అందరం చేరాం. పాట కాస్త నిదానంగా ఉందని మాస్టారు అన్నా, రికార్డులో అంతే కాబోలు అనుకున్నాం. చరణం రాగానే, ఇది మాస్టారి భార్యదే అన్నారందరూ. నాకు మాత్రం పాడింది నేనే అనిపించిందమ్మా. మాట విరిచే తీరు నాది. కానీ గొంతు నాది కాదు. అంత లావు గొంతు నాకెక్కడిది? మాస్టారి భార్య కూడా, నా గొంతు ఇలాగుంటుందా అని ఆశ్చర్యపోయారు. తన గొంతు తనకెప్పుడూ కొత్తగానే ఉంటుందిలే అని అందరూ నవ్వారు. ఒకసారి నేను నోరు తెరిచి అన్నాను, అది నేను పాడిందేమోనండి అని. పెద్దావిడతో పోటీయా అని మా అమ్మ మందలించింది. మళ్లీ ఎప్పుడూ అనలేదు."

"ఇంకెక్కడా వినలేదాండి? వేరే ప్లేయరు మీద?"

"ఊళ్లో ఉన్నది అదొక్కటే. మిగిలిన రికార్డులు తుఫాన్లలో నానిపోయాయి. తరువాత దాన్నుంచే క్యాసెట్టు తీశారు. ఆ క్యాసెట్టే ఇప్పటికీ వేస్తారు." ఆగి, "మాస్టారి అమ్మాయి నర్సుగా చేసి రిటైరైంది. తల్లి జ్ఞాపకార్థ కూడికలో ఏటేటా ఆ చరణం వినిపిస్తుంది. నాకీ ప్లేయరు ఇచ్చింది కూడా ఆవిడే," అన్నారు.

అప్పుడు నాకు బరువంతా తెలిసింది. నేను వేగం సరిచేస్తే ఏదో ఒక గొంతు బయటపడుతుంది. అది ఎవరిదైనా, ఇంకొకరికి ఒక గొంతు పోతుంది.

"చేయమంటారా, వద్దంటారా?" అని అడిగాను.

"నువ్వు పని సగంలో వదిలేస్తావా అమ్మా?"

"లేదండి."

"అయితే చెయ్యి. నర్సమ్మనీ తీసుకొస్తాను. తనకి చాటుగా నేను వినను."

చుట్టిన కాయిలు మళ్లీ విప్పేశాను. ఈసారి వోల్టుకు రెట్టింపు, ఊపు తేడాకు అయిదో వంతు ఎక్కువ కలిపి చుట్టాను. పూటంతా నడిపినా గోరువెచ్చగానే ఉంది. ఇక మిగిలింది వేగం. ఇరుసు లావైతే చక్రం వేగం పెరుగుతుంది. ఎంత లావు కావాలో ముందు టేపు చుట్టి చూశాను. ఒక పొర వేస్తే నలభై, ఇంకోటి వేస్తే నలభై మూడు. కొలత దొరికాక పాలకొల్లులో నాకు తెలిసిన లేతు మేస్త్రి దగ్గరికి వెళ్లి, ఇత్తడితో ఇరుసు మీదికి ఎక్కే చిన్న తొడుగు తీయించాను. చిటికెన వేలి గోరంత ముక్క. మొదట తీసింది ఒక వెంట్రుకవాసి లావైంది, నలభై ఆరు తిరిగింది. "పాటలకి ఇంత లెక్కేంటండీ?" అని ఆయన విసుక్కున్నాడు. "మీరు తీయండి, నేను లెక్కపెడతాను," అన్నాను. రెండోది సరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం గుడి అయ్యాక ఇద్దరూ పంటు దాటి వచ్చారు. నర్సమ్మగారికి అరవై దాటి ఉంటాయి. గట్టి మనిషి. మాట కూడా అంతే. టీచరమ్మగారిని పిన్నీ అని పిలుస్తున్నారు. దారిలో సంగతంతా విన్నట్టున్నారు, కూర్చోవడమే ముఖం ముడుచుకుని కూర్చున్నారు.

ప్లేయరు తీగను నేను షాపులో పాటలు వినే చిన్న ఆంప్లిఫయరుకు తగిలించాను. ముందు ఇత్తడి తొడుగు తీసేసి పాత వేగంలోనే పెట్టాను. అదెలా ఉండేదో వాళ్లు ముందు వినాలి. హార్మోనియం, బృందం, తరువాత ఆ చరణం. నిండు గొంతు, మెల్లగా, బరువుగా. నర్సమ్మగారు కళ్లు మూసుకున్నారు. పాట అయ్యాక, "అమ్మే," అన్నారు. "ఎన్నిసార్లు విన్నా అమ్మే."

పళ్లెం ఎత్తి, ఇరుసుకు తొడుగు ఎక్కించి, మళ్లీ స్విచ్చి వేశాను. ముల్లు దించబోతుంటే నర్సమ్మగారు చెయ్యి అడ్డంపెట్టారు.

"ఒక్క నిమిషం. ఇప్పుడు మీరు వేగం పెంచారు. ఎవరి గొంతైనా వేగం పెంచితే సన్నబడుతుంది. ఇదే అసలు వేగమని నేనెలా నమ్మాలండి?"

నాకు ఆ ప్రశ్న నచ్చింది. నేను అడగాల్సిన ప్రశ్నే అది.

"చీటీ మీద 45 ఉంది చూడండి. అంచుకి కాగితం ముక్క అంటించాను. నిమిషానికి అది ఎన్నిసార్లు వస్తుందో మీరే లెక్కపెట్టండి. నా లెక్క వద్దు."

ఆవిడ ఎడమ చెయ్యి తిప్పి, మణికట్టు లోపలివైపు పెట్టుకున్న గడియారం మీద కళ్లుంచారు. కుడి చేతి వేలిని కాగితం ముక్కకు తగిలేలా పళ్లెం అంచున ఉంచారు. జీవితమంతా నాడి చూసిన మనిషి. పెదవులు కదలకుండా లెక్కపెట్టారు.

"నలభై ఐదు," అన్నారు. "తొడుగు తీసేసి పెట్టండి."

తీసేసి పెట్టాను. ఇంకో నిమిషం లెక్కపెట్టారు.

"ముప్పై ఏడు... ఇంకో సగం." గడియారం చెయ్యి దించేశారు. "సరే. పెట్టండి."

తొడుగు మళ్లీ ఎక్కించి ముల్లు దించాను. ఈసారి హార్మోనియం ఉత్సాహంగా పలికింది. బృందం గొంతుల్లో ఎనభై ఏళ్ల ముసలితనం పోయి పడుచుదనం వచ్చింది. చరణం మొదలైంది. సన్నని పచ్చి గొంతు. పై స్వరం అందుకునే చోట కొంచెం భయపడి, అందుకున్నాక దాన్ని వదలకుండా పట్టుకుంది. పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల గొంతని చెప్పడానికి సంగీతం రానక్కరలేదు.

నర్సమ్మగారు ప్లేయరును చూడటం లేదు. టీచరమ్మగారినే చూస్తున్నారు. ఆవిడ పెదవులు చరణంతోపాటు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఒక మాట దగ్గర రికార్డులోని పిల్ల ఎక్కడ ఊపిరి తీసుకుందో సరిగ్గా అక్కడే ఆవిడా తీసుకున్నారు.

పాట అయిపోయి ముల్లు లోపలి గీతలో తిరుగుతూ ఉంది. చెయ్యి ఎత్తి పక్కన పెట్టాను.

"అమ్మ కాదు పిన్నీ," అన్నారు నర్సమ్మగారు. గొంతు గట్టిగానే ఉంది గాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇరవై ఏళ్లుగా అమ్మ గొంతని మీ గొంతు వింటున్నాను. మీరు ఎదురుగా కూర్చుని ఉండగానే. ఒక్కసారైనా చెప్పలేదేంటి?"

"నాకూ తెలీదే తల్లీ. అనిపించేది, అంతే. అనిపించినదానికి మీ అమ్మని నీ దగ్గర్నుంచి ఎలా లాక్కుంటాను?"

"ఇప్పుడు లాక్కున్నట్టే కదా."

ఆ మాటకు టీచరమ్మగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మోటారుదీ తీగదీ ఏదైనా అడిగితే చెప్పగలను. ఇది నా బల్ల మీది పని కాదు. మంచినీళ్ల సీసా తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను.

కళ్లజోడు మళ్లీ పెట్టుకుని టీచరమ్మగారే లేచారు. "అమ్మాయ్, పల్లవి దగ్గర పెట్టు. అందరూ కలిసి పాడే చోటు."

పెట్టాను.

"నర్సమ్మా, నన్ను వినకు. పైన పాడేవాళ్లెవరినీ వినకు. కింద విను. మేమంతా పైకి పోతుంటే కింద ఒకటి కదలకుండా పట్టుకునుంది చూడు. అది ఎవరిదనుకుంటున్నావ్? పదకొండు మందిలో అంత కింద పాడగలిగిన ఆడమనిషి ఒక్కరే."

మొదటిసారి నాకూ వినబడలేదు. రెండోసారి వినబడింది. అందరి గొంతుల అడుగున, నిలకడగా, వెచ్చగా ఒక స్వరం. పాత వేగంలో అది మగవాళ్ల గొంతుల్లో కలిసి మునిగిపోయేది. ఇప్పుడు విడిగా తేలింది. మూడోసారి పెట్టమని నర్సమ్మగారే అడిగారు. స్పీకరు దగ్గరికి వంగి విన్నారు.

"బొంగురు ఉంది," అన్నారు. "అమ్మకి రైలెక్కితే గొంతు పోయేది. రాజమండ్రి వెళ్లొచ్చినా రెండ్రోజులు అలాగే మాట్లాడేది." అని ఏడుస్తూనే నవ్వారు. పిన్ని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పల్లవి ఎన్నిసార్లు పెట్టానో నేను లెక్కపెట్టలేదు.

రెండు నెలల తరువాత తల్లి జ్ఞాపకార్థ కూడికకు నర్సమ్మగారు నన్ను పిలిచారు. "ప్లేయరు మీరే పెట్టాలండి, నాకు ముల్లు దించడం రాదు," అన్నారు. పంటు దాటి వెళ్లాను. ఇంటి ముందు షామియానా, ఓ యాభై మంది. ప్రార్థన అయ్యాక ఆవిడ లేచి నిలబడ్డారు.

"ఇన్నేళ్లూ మీకు నేను ఒక తప్పు చెప్పాను. తెలిసి చెప్పలేదు. ఆ చరణం మా అమ్మ పాడలేదు. పాడినావిడ ఇక్కడే, ముందు కుర్చీలో ఉన్నారు. మా అమ్మ పల్లవిలో ఉంది. ఎక్కడుందో చెబుతాను, వినండి."

పెట్టాను. వాళ్ల గుడిలో ఆ పాటను క్యాసెట్టు విని నేర్చుకున్నవాళ్లే అందరూ, ఏళ్ల తరబడి అంత నిదానంగానే పాడుతున్నారు. ఇప్పుడు ఈ వేగం విని ముందు వరసలో ఒక పెద్దాయన, "ఇదేంటండీ, ఇది పరుగెడుతోంది?" అన్నారు. టీచరమ్మగారు కూర్చున్నచోటునుంచే వెనక్కి తిరిగి, క్లాసులో చెప్పినట్టు, "పరుగు కాదండీ, ఇదే నడక. ఇన్నాళ్లూ మనమే ఈడ్చాం," అన్నారు. అందరూ నవ్వారు. మళ్లీ పెట్టమన్నారు. రెండోసారి కొందరు దాంతోపాటు పాడారు, సగం మంది వెనకబడ్డారు.

భోజనాల దగ్గర నర్సమ్మగారు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని చేపల పులుసు కొసరి వడ్డించారు. "ఈవిడే మేస్త్రి," అని అందరికీ చెప్పారు. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని ఎవరూ నా భుజం మీదుగా చూడలేదు. తిని చెయ్యి కడుక్కునేసరికి ఒకావిడ కాలిపోయిన మిక్సీ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంకొకాయన కుట్టుమిషను మోటారు తెస్తానని ఇంటికి పరుగెత్తాడు. వాళ్ల రేవు నుంచి తిరిగి వచ్చేటప్పుడు పంటులో నా కాళ్ల దగ్గర రెండు మిక్సీలు, ఆ మోటారు, ఒక పాత టేబుల్ ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను రెక్క చేత్తో తిప్పి చూశాను. ఇరుసు తిరిగే బుష్ అరిగింది, అంతే. కాయిలు బాగానే ఉంది.